బటన్ మరువని మంగళవారం

ఆఫీసులో ఆమెను అందరూ నిదానమ్మ అంటారు. ఎదుట ఎవరూ అనరు గాని, ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలుసునని మాత్రం వారికి తెలియనివ్వదు. కంటి ఆసుపత్రి వారి వెబ్‌సైటులో తెరమీద కనిపించే భాగం ఇతరులది, తెర వెనుక సర్వర్‌లో నడిచే భాగం ఆమెది. ఏ బటన్ నొక్కితే ఏ పని జరగాలో ముందే నమోదు చేసి ఉంచడం ఒకటి, వచ్చిన మనిషి ఎవరో, అంతవరకు ఏమేమి ఎంచుకున్నారో వారు వెళ్లేవరకు గుర్తుంచుకోవడం మరొకటి. ఇదే ఆమె ఉద్యోగం. బటన్ నొక్కగానే మేల్కొని పని చేసే ఫంక్షన్‌ను ఆ వృత్తిలో హ్యాండ్లర్ అంటారు. గుర్తుంచుకున్న వివరాల మూటను సెషన్ అంటారు.

ఆమె ప్రోగ్రాం రాసే పద్ధతికి ఒక నియమం ఉంది. ఉన్న మూటను విప్పి దిద్దరాదు. మార్పు కావలసినప్పుడు పాతదానిని ఉన్నది ఉన్నట్టే ఉంచి, ఆ మార్పుతో కొత్త మూట కట్టాలి. అప్పుడు ఎవరి చేతిలోని వస్తువూ వారికి తెలియకుండా మారిపోదు. ఈ నియమం ఆమెకు ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంట్లో ఒకసారి నీళ్లు తాగిన గ్లాసులో మళ్లీ పోసుకోదు. వేరే గ్లాసు తీస్తుంది.

“నీ పద్ధతి గొప్పదే తల్లీ, పాత గ్లాసు చెక్కుచెదరదు. కడగడానికి నేనొకణ్ణి ఉన్నాగా!” అంటాడు భర్త.

“కడిగితే దాన్ని మార్చినట్టేగా. అది మీరు చేస్తే నా నియమానికేం భంగం లేదు,” అంటుంది ఆమె, నవ్వకుండా.

భర్తకు అక్క, అనగా నిదానమ్మకు వదిన, బడి వ్యాను నడుపుతుంది. హారన్ కంటే గొంతుతోనే ఎక్కువగా దారి చేసుకునే మనిషి. ఆమె కుడికంట శుక్లం ముదిరింది. సెలవులు ముగిసి బడి తెరిచేలోగా ఆపరేషన్ చేయించుకుని, చూపు బాగున్నదని డాక్టరు చేత రాయించి తేకపోతే వ్యాను వేరొకరికి అప్పగిస్తామని యాజమాన్యం ఖండితంగా చెప్పింది. ఆ వ్యానే ఆమె బతుకుతెరువు. ఆమెకు దానిమీద ఉన్న మమకారం బతుకుతెరువు కంటే కూడా ఎక్కువ.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ వదిన ఆసుపత్రి నుండి తిన్నగా తమ్ముడి ఇంటికి వచ్చి, చెప్పులైనా విడువకుండా గుమ్మంలోనే నిలబడింది.

“ఏమ్మా మరదలా, మీ కంప్యూటర్‌కి నామీదేమన్నా పగా?”

“ఏమైంది వదినా?”

“ఆపరేషన్ ఇవాళ పెట్టుకున్నానా? తీరా వెళ్తే, మీ వంతు మంగళవారమే అయిపోయిందమ్మా, మీరే రాలేదు అంటున్నారు. మళ్లీ ఖాళీ ఎప్పుడయ్యా అంటే, బడి తెరిచాక అట!”

నిదానమ్మ లాప్‌టాప్ తెరిచి చూసింది. చివరి మార్పు వదిన ఫోను నుండే వచ్చింది; అందులో ఉన్నది మంగళవారమే.

“తొందరలో మంగళవారం నొక్కారేమో...”

“మసకేసింది ఒక కన్నుకి. రెండోది బాగానే ఉంది, బుర్ర అంతకన్నా బాగుంది. శుక్రవారమే నొక్కాను.”

“అక్కా, కాస్త కూర్చో,” అన్నాడు తమ్ముడు.

“నువ్వూరుకోరా. వెళ్లి గ్లాసులు కడుక్కో. ఎప్పుడో టైరు ఫోటో ఒకటి తప్పు పంపానని, నా వేలికి బుద్ధి లేదని తీర్మానం చేసేశారు మీరిద్దరూ.”

తమ్ముడు వంటింట్లోకి జారుకున్నాడు. వదిన మాటలో అబద్ధం లేదు. కొత్త ఫోను కొన్న రోజుల్లో వదిన, మెకానిక్‌కు పంపవలసిన అరిగిన టైరు ఫోటోను పిల్లల తల్లిదండ్రులందరికీ పంపింది. నాటి నుండి ఆ ఇంట్లో ఏ యంత్రం తప్పు చేసినా ఆ తప్పు వదిన వేలిదే అయింది. ఆ తరువాత ఆమె దారులు వెతుక్కోవడం మొదలు పిల్లల హాజరు వరకు అంతా ఆ ఫోనులోనే నడుపుకొంటున్నదన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

నిదానమ్మ పరీక్షల కోసం ఉంచుకున్న నకలు వెబ్‌సైటును తెరిచి వదిన ముందు పెట్టింది. “ఆ రోజు ఏం చేశారో మొదటినుంచీ అలాగే చేయండి వదినా. నేనేమీ చెప్పను.”

వదిన చెప్పులు విడిచి కూర్చున్నది. ముందు మంగళవారం ఎంచుకున్నది. “ఇంతలో షెడ్డువాడు ఫోన్ చేశాడు, మంగళవారం వ్యాను తెమ్మని. సరేనని ఇంకో పేజీ తెరిచి శుక్రవారానికి మార్చాను.” మార్చింది, శుక్రవారం పడింది. “తర్వాత చూస్తే మొదటి పేజీ అలాగే ఉంది. తోడు ఎవరొస్తారు అని అడుగుతోంది. ఆపరేషన్ అయ్యాక వచ్చి తీసుకెళ్తాడులే అని వాడి పేరు రాసి నొక్కి, ఫోను పక్కన పడేశాను.”

నొక్కింది. తెరమీద తమ్ముడి పేరు పడింది. దాని పైన మంగళవారం తిరిగి వచ్చి కూర్చున్నది.

“అదిగో! నేను తారీఖు జోలికి పోయానా? నువ్వే చెప్పు!”

నిదానమ్మకు చెంప చెళ్లుమన్నట్టయింది. మొదటి పేజీలోని ఆ బటన్‌కు హ్యాండ్లర్‌ను నమోదు చేసినప్పుడు, ఆ క్షణాన ఉన్న సెషన్‌ను దాని గుప్పిట్లో పెట్టినది తానే. ఆ మూట చెడలేదు. నియమం ప్రకారం దానిని ఎవరూ తాకలేదు కనుక అందులో మంగళవారం మంగళవారంగానే నిలిచిపోయింది. హ్యాండ్లర్ ఆ పాత మూటకే తోడు పేరు కలిపి, కొత్తది కట్టి, శుక్రవారం ఉన్న తాజా మూట స్థానంలో పెట్టేసింది. పాతది చెడకుండా ఉండాలని అంత జాగ్రత్తపడిన తాను, అది ఇప్పటిదేనా అని అడగడం మరిచింది.

“తప్పు నాది వదినా.”

“కాస్త గట్టిగా చెప్పు. వంటింట్లో వాడికి వినపడాలి.”

నిదానమ్మ గట్టిగానే చెప్పింది.

ఆ సాయంత్రమే ఆమె ఆ భాగాన్ని తిరగరాసింది. హ్యాండ్లర్ చేతికి ఇక సెషన్ ఇవ్వదు, అది ఎవరిదో తెలిపే గుర్తు మాత్రమే ఇస్తుంది. బటన్ నొక్కిన క్షణాన ఆ గుర్తుతో వెళ్లి, అప్పటి మూటను చూసి, దానినుండే కొత్తది కట్టాలి. కట్టేలోగా వేరొక మార్పు వచ్చి ఉంటే, ఆ మార్పును చూసి మళ్లీ మొదలుపెట్టాలి.

సోమవారం ఆఫీసులో టీము పెద్ద విషయమంతా విని, గడ్డం నిమురుకున్నాడు. “సరిచేశావుగా. ఎవరూ పెద్దగా ఫిర్యాదు కూడా చేయలేదు. ఇక్కడితో వదిలేద్దాం.”

“చేశారు సార్. ‘మీరే తప్పు నొక్కారు’ అని వాళ్లకి చెప్పి పంపేశాం. మా ఇంట్లో నేనూ అదే చెప్పాను.”

ఆయన ఆమెవైపు ఒకసారి చూసి, ఆసుపత్రికి ఫోను కలిపాడు. తేదీలు అలా వెనక్కి మళ్లినవారిని వెతికి పట్టుకున్నారు. వారికోసం ఆసుపత్రివారు బడి తెరవడానికి ముందే ఒక ఆదివారం ఆపరేషన్లు పెట్టారు. వారిలో వదిన కూడా ఉన్నది. తమ్ముడు తోడు వెళ్లాడు. చూపు బాగున్నదని డాక్టరు రాసిచ్చిన కాగితం బడికి చేరింది.

బడి తెరిచిన ఉదయం నిదానమ్మ ఫోను మోగింది. తెరిస్తే వ్యాను టైరు ఫోటో, కొత్త టైరు, నల్లగా నిగనిగలాడుతూ.

భర్త భుజం మీదుగా తొంగి చూసి నవ్వాడు. “అక్క మళ్లీ తప్పు నొక్కిందా?”

నిదానమ్మ ఆ ఫోటో ఎవరెవరికి వెళ్లిందో చూసింది. తనకొక్కదానికే వచ్చింది.

“లేదు, సరిగ్గానే నొక్కారు,” అని, నీళ్లు తాగడానికి మరో గ్లాసు తీసింది.