రెండు మెట్ల మధ్య గొంతు

మా ఇల్లందు చర్చిలో కోత పండుగనాడు పాట ఎత్తుకునేది నా భార్యే. పొలం ఉన్నవాళ్లు మిరపకాయలు, పత్తి, గుమ్మడికాయలు కానుకగా పట్టుకొని వరుసగా ముందుకు నడుస్తుంటే, ఆమె కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కి శ్రుతి తీసుకొని, మొదటి చరణం వాద్యాలు లేకుండా ఒక్కతే పాడుతుంది. పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నాను, ఆ పని ఇంకొకరు చేయలేదు.

రెండేళ్ల కింద ఆమె మెడలో గడ్డ తేలింది. ఆపరేషన్ చేస్తే గొంతు మారవచ్చని ఖమ్మంలో డాక్టరు ముందే చెప్పాడు. అందుకని దవాఖానాకు వెళ్లే ముందు ఆమెను ఇంట్లో మా కీబోర్డు ముందు కూర్చోబెట్టి ఆ పాట పాడించాను. చర్చి నుంచి తెచ్చిన చిన్న రికార్డర్‌తో పట్టి, మా పాత కంప్యూటర్‌లోకి ఎక్కించి, రికార్డర్ తిరిగి ఇచ్చేశాను. ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మాత్రం దిగిపోయి, బొంగురుగా మిగిలింది.

ఆ ఏటి పండుగ దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం తన పాట పెట్టమంది. పెట్టాను. స్పీకర్లలోంచి ఏదో బరువైన గొంతు, ఎద్దుబండిలా సాగుతూ వచ్చింది. పైకి లేవని ఆ స్వరాన్ని తను పాటంతా కదలకుండా విన్నది.

“నా గొంతు అప్పటికే పోయిందన్నట్టు. ఇన్ని దినాలు ఊకెనే ఆ డాక్టర్ను తిట్టుకున్న. ఈయేడు పాట ఇంకెవరికన్న చెప్పుండ్రి.”

నాకు ఒళ్లు మండింది. అది ఆమె గొంతు కాదు. నేను గనిలో కరెంటు పని చేస్తాను, కరెంటు వాడికి లోకంలో ఏం పోయినా, దొంగ మాత్రం కరెంటే. పైగా వోల్టేజీ తగ్గితే క్యాసెట్టు సాగే కాలంలో పెరిగినవాణ్ణి. బజారుకు పోయి స్టెబిలైజర్ తెచ్చి కంప్యూటర్‌కు తగిలించాను. పాట ఇసుమంత కూడా మారలేదు. సీడీల నుంచి ఎక్కించిన పాటలన్నీ అదే కంప్యూటర్‌లో సక్రమంగా మోగుతున్నాయి, ఇదొక్కటే మొరాయిస్తోంది.

“నా గొంతుకు కూడా తగిలియ్యుండ్రి, లేస్తదేమో,” అంది వంటింట్లోంచి. ఆపరేషన్ తర్వాత ఆమె ఎగతాళి చేయడం అదే మొదలు. నాకు నవ్వు రాలేదు.

మళ్లీ మొదటి నుంచి పెట్టాను. పాటకు ముందు ఆమె నొక్కిన మెట్టు మోత వినిపించింది. మా ఇంటి కీబోర్డు దించి అదే మెట్టు నొక్కాను. కలవలేదు. కిందిది నొక్కాను. దానికీ కలవలేదు. రికార్డులోని మోత దానికన్నా కూడా కింద, రెండు మెట్ల మధ్య ఎక్కడో పడి ఉంది.

ఆమెను కేకేశాను. “గొంతు మారిందంటే నమ్ముత. కీబోర్డుకు ఆపరేషన్ ఎవరు చేసిన్రే?”

ఆ తరువాత దొంగను పట్టడం ఎంతసేపు. రికార్డర్ సెకనుకు నలభై ఎనిమిది వేల సార్లు ఆమె గొంతును కొలిచింది. మా సౌండు కార్డు సెకనుకు నలభై నాలుగు వేల ఒక వంద మాత్రమే చదువుతుంది, సీడీల లెక్క అదే. శబ్దం ఏ మార్పూ లేకుండా నేరుగా కార్డుకు పోతే గొప్పగా ఉంటుందని ఎవరో అంటే విని, ఆ సెట్టింగ్ పెట్టింది నేనే. అందుకే ఒక సెకను పాటను కార్డు సెకను దాటించి చదువుతోంది. పాట సాగింది, దాంతో గొంతూ దిగింది.

కార్డుకు సరిపడేలా పాటను మార్చే ఉచిత ప్రోగ్రాం దొరికింది. మిగులు కొలతలు ఏరి పారేస్తే చాలనుకున్నాను. కాదట. కొత్త కొలతలు పాతవాటి నడుమ, ఆ రోజు ఎవరూ కొలవని క్షణాల్లో పడాలి. అక్కడ గొంతు ఎలా ఉందో యంత్రానికి ఏం తెలుసు? తెలుస్తుందట. ఒక హద్దు మించని స్వరమైతే, కొలతలను చుక్కలుగా పెడితే వాటన్నిటి గుండా పోగల గీత ఒక్కటే ఉంటుంది. కొలవని చోటు కూడా ఆ గీత మీదే ఉంటుంది. అది రెండుసార్లు చదివాను. నాకు భయంలాంటి ఆనందం కలిగింది. గొంతును అన్ని ముక్కలు చేసినా నడుమ ఏమీ పోలేదు.

మార్చిన పాట పెట్టాను. రికార్డులోని మెట్టు మా కీబోర్డు మెట్టుతో కలిసింది. వెంటనే ఆమె అసలు గొంతు, పలచగా, పైకి, గది నిండా లేచింది. ఆమె కన్నీళ్లు తుడుచుకోలేదు, అలాగే కారనిచ్చింది.

“మంచిగనే పాడేదాన్ని,” అంది. కంప్యూటర్ వైపు చూపించి, “డబ్బాకు సరిపోయేటట్టు మార్చిన్రు గదా. ఇప్పుడు నా గొంతుకు సరిపోయేటట్టు దించుండ్రి,” అంది.

అదే ప్రోగ్రాంతో పాట నడక మారకుండా శ్రుతి మెట్టు మెట్టుగా దించుతూ పోయాను. ఆమె ప్రతి మెట్టు దగ్గరా బొంగురుగా ప్రయత్నించి తల అడ్డంగా ఊపింది. ఒకచోట ఊపలేదు. పాడుతూ పోయింది.

పండుగనాడు ఆ మెట్టే నొక్కి ఎత్తుకుంది. గరుకు గొంతు విని ముందు వరుసల వాళ్లు తలలు తిప్పి చూశారు. రెండో చరణానికి వెనక బల్లల నుంచి ఒక హోరు లేచింది. ఇన్నేళ్లూ శ్రుతి అందక పెదవులు కదిపి సరిపెట్టుకున్న మా గని మగవాళ్లు, మొదటిసారి అందుకొని పాడుతున్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను.