ముందు సీటుకి వచ్చాక

ముందు బండి ఎంత బాగుందో చెప్పేస్తాను. తర్వాత చెప్పబోయే తప్పుకి అదే కారణం. ఆ ముక్క దాచి పశ్చాత్తాపం ఒక్కటే చూపిస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. నేనిప్పటికే ఒకటి ఆడి ఉన్నాను.

నల్లటి ఎస్‌యూవీ. మామూలు రకం కాదు, వేగం కోసమే చేసిన రకం. స్టార్ట్ బటన్ నొక్కితే ముందొక గర్జన వస్తుంది. ఆ శబ్దానికి భవానీపూర్‌లో మా సందులో పిల్లులు గోడ దూకి పోతాయి. సీటు రెండువైపులా నడుముని పట్టుకుని కూర్చోబెడుతుంది. స్టీరింగు మీద ఎర్రదారంతో కుట్టుపని. లోపాలు లేవా అంటే ఉన్నాయి. ట్రాము పట్టాల మీద నుంచి పోతే వెన్నుపూసలు లెక్కపెట్టుకోవచ్చు. ఏసీ తగ్గించాలన్నా తెరమీద మూడుచోట్ల నొక్కాలి. మా సందులోకి రావాలంటే అద్దాలు చెవులు ముడుచుకున్నట్టు ముడుచుకోవాలి. "ఈ ఊళ్ళో ఇంత వేగం దేనికి? ట్రాముతో పందెమా?" అన్నారు మా ఆయన.

కాలేజీలో ముప్పై ఏళ్ళుగా ఫిజిక్స్ చెప్తున్నాను. త్వరణం అన్న మాట బోర్డు మీద ఎన్నివేల సార్లు రాశానో గుర్తు లేదు. అదేమిటో నా వీపుకి తెలిసింది మాత్రం బండి వచ్చిన రెండో ఆదివారం. పొద్దున్నే రెండో హుగ్లీ వంతెన దాటి, టోల్ గేటు కూడా దాటాక, ముందు రోడ్డు ఖాళీగా కనిపించింది. కుడికాలు గట్టిగా నొక్కాను. వీపు సీటుకి అతుక్కుపోయింది, కడుపులో ఏదో తేలిపోయింది. ఒక్కదాన్నే కూర్చుని పగలబడి నవ్వాను, యాభై మూడేళ్ళ మనిషిని. తర్వాత స్పీడు కెమెరా బోర్డు కనిపించి కాలు తీసేశాను. మొత్తం అయిదు సెకన్లు ఉంటుందేమో.

ఆ అయిదు సెకన్ల కోసం నేనొక మనిషి పని తీసేశాను.

పదకొండేళ్ళు మా పాత కారు నడిపిన మనిషి. మా ఆయన బ్యాంకు ఉద్యోగం వల్ల బాపట్ల నుంచి ఈ ఊరొచ్చి, బదిలీలు అయిపోయినా ఇక్కడే ఉండిపోయాం. డ్రైవరు పనిలో చేరిన మొదటిరోజు నేను వచ్చీరాని బెంగాలీలో "దాదా, ఏక్‌టు ఆస్తే" అన్నాను, అన్నయ్యా, కొంచెం మెల్లగా పోనివ్వు అని. అతను అద్దంలోంచి చూసి, "అలగేనమ్మా. తమరిది ఏ వూరేటి?" అన్నాడు. అంతకుముందే నేను ఫోన్లో మా అమ్మతో మాట్లాడింది విన్నాడట. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి లిలువా రైల్వే వర్క్‌షాపుకి పనికొచ్చాడు. ఇతను పుట్టిందీ పెరిగిందీ లిలువాలోనే. తెలుగువాడని తెలిశాక కూడా నా నోటికి దాదా అన్న పిలుపే నిలిచిపోయింది. నాకంటే ఏడాది పెద్ద.

అతని చేతిలో బండి కదులుతోందని తెలిసేది కాదు. నేను వెనక సీట్లో కూర్చుని ఆన్సరు షీట్లు దిద్దుకునేదాన్ని. కాలేజీ స్ట్రీటు రద్దీలో కూడా నా ఎర్రగీత వంకరపోలేదు. పిల్లలు అందరికంటే ముందు మార్కులు తెచ్చుకునేది నా దగ్గరే. ఆ పేరు నాది, పని సగం అతనిది.

రెండేళ్ళ కిందట నాకు డ్రైవింగు నేర్చుకోవాలన్న పిచ్చి పట్టింది. పుట్టింట్లో నాన్న బండిలో వెనక సీటు, అత్తారింట్లో మామగారి బండిలో వెనక సీటు, ఇక్కడా వెనక సీటే. ఒక్కసారి ముందు కూర్చోవాలనిపించింది. నేర్పమంటే అతనే సంబరపడ్డాడు. ఆదివారాలు షాలిమార్ గూడ్స్ యార్డు పక్కన, లారీలు లేని రోడ్డు మీదికి తీసుకెళ్ళేవాడు. ఈ ఊరి బస్సుల్లో ఆడవాళ్ళు దిగుతుంటే కండక్టరు తలుపు మీద కొట్టి "ఆస్తే, లేడీస్!" అని అరుస్తాడు. నేను క్లచ్ వదిలేసి బండిని కుప్పిగంతులు వేయించినప్పుడల్లా, దాదా డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో కొట్టి అచ్చం అలాగే అరిచేవాడు. ఇద్దరం నవ్వేవాళ్ళం. ఒక్కరోజు విసుక్కోలేదు. వాన వెలిసిన రోడ్డు మీద బ్రేకు ఎలా వేయాలో, లారీ డ్రైవరు కళ్ళు చూసి వాడేం చేస్తాడో ఎలా కనిపెట్టాలో అన్నీ చెప్పాడు. ఇంకాస్త చెత్తగా నేర్పి ఉంటే అతని పని నిలిచేది.

కొత్త బండి బుక్ చేసినప్పుడు నాకంటే అతనికే ఎక్కువ సంతోషం. అతనెప్పుడూ క్లచ్ లేని బండి నడపలేదు. లిలువాలో వాళ్ళ బంధువు ఒకతని దగ్గర ఆటోమేటిక్ కారు ఉంటే, రెండు సెలవురోజులు దాని మీద సాధన చేసొచ్చాడు. "ఎడంకాలికి పనుండదు గదమ్మగోరూ, అలవాటు సొప్పున బ్రేకు మీదికి పోతంది. కాలు మడిసి సీటు కింద పెట్టీసుకున్నాను, సిన్నపిల్లాడిలాగ," అని చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పటికే నేను నిశ్చయించుకున్నాను, ఈ బండి నేనే నడపాలని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

షోరూమ్‌కి వెళ్ళినరోజు నిమ్మకాయలు, కొబ్బరికాయ అతనే తెచ్చాడు. నేను లోపల కూర్చుని ఒక్కో బటనూ నొక్కి చూసుకుంటుంటే, అతను ఇన్సూరెన్సు కాగితాలు రాసే అబ్బాయి బల్ల మీదికి వంగి బెంగాలీలో ఏదో మాట్లాడుతున్నాడు. ఏమిటని అడగలేదు. పాత బండి కాగితాలు కూడా అతనే చూసుకునేవాడు, ప్రతిదీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి డ్యాష్‌బోర్డు అరలో సర్దేవాడు. తర్వాత నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, "మీరే తొక్కించండమ్మా, బండి మీది," అన్నాడు. ఇంటిదాకా నేనే నడిపాను. అతను పక్కన కూర్చుని ఒకటి రెండుసార్లు "ఆస్తే" అన్నాడు, అంతే.

సోమవారం ఎనిమిదింటికి కొత్త పసుపు గుడ్డ ఒకటి పట్టుకుని వచ్చాడు, బండి తుడవడానికి. నేను రాత్రంతా మాటలు పేర్చుకున్నాను. నిజం చిన్నదే. "దాదా, నాకు ఒంటరిగా నడుపుకోవాలని ఉంది, నీకు ఇక్కడ పని లేదు." అది చెప్తే నేను చెడ్డదాన్నవుతాను. అందుకని చెడ్డతనాన్ని ఇంకొకరి మీదికి తోసే మాట వెతుక్కున్నాను.

"దాదా, ఈ రకం బండికి ఇన్సూరెన్సు వేరేనట. ఓనరు తప్ప ఇంకెవరు నడిపినా ఒప్పుకోరట. నేను చాలా అడిగి చూశాను," అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. ఒక్క క్షణమే.

"ఔనాండి? అలగయితే మరేటి సేస్తాం అమ్మగోరూ. రూల్సు అలగ మారిపోతన్నాయి," అన్నాడు.

గుడ్డ మడతపెట్టి నా చేతికిచ్చాడు. వానాకాలం మా సందు చివర నీళ్ళు నిలిస్తే అందులోకి దిగొద్దన్నాడు. టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి చూపించమన్నాడు. ఇవ్వాల్సింది ఇచ్చాను, అందులో తక్కువ చేయలేదు. మెట్లు దిగేటప్పుడు మా ఆయన ఎదురుపడితే నమస్కారం పెట్టి వెళ్ళాడు.

ఆయన లోపలికొచ్చి, అంతా విని, "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నిజమైన మాటకి మండినంతగా ఒళ్ళు దేనికీ మండదు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మూడోవారంలో మా అపార్ట్‌మెంటు దర్వాను గేటు తీస్తూ, "దీదీ, ఇన్సూరెన్సు వాళ్ళు మరీ అన్యాయం. దాదా చెప్పాడు, మీరు అతని కోసం చాలా పోట్లాడారట కదా," అన్నాడు. అతనికి తెలిసిన నాలుగు హిందీ ముక్కలూ, నాకు తెలిసిన బెంగాలీ కలిపి మాట్లాడుకుంటాం మేము. ఆ రోజు నాకు ఏ భాషా రాలేదు. తల ఊపేసి బండి లోపలికి తెచ్చుకున్నాను. నా అబద్ధాన్ని దాదా నాకంటే బాగా చెప్పాడు. పోట్లాడానన్నది అతనే కలిపాడు.

పాపం నమ్మేశాడు అనుకున్నాను. ఆ అనుకోవడంలో కాస్త ఊరట కూడా ఉంది, దాచను.

నాలుగు రోజుల తర్వాత హాజ్రా కూడలిలో తిరగకూడని చోట ఎడమకి తిరిగాను. తెల్ల యూనిఫారం ట్రాఫిక్ సార్జెంటు ఆపాడు. ఫోన్లో చార్జింగు లేదు, అందుకని కాగితాలు చూపించమన్నాడు. డ్యాష్‌బోర్డు అర తీస్తే లోపల అన్నీ ప్లాస్టిక్ కవర్లలో వరసగా ఉన్నాయి. అతను పెట్టినట్టే ఉన్నాయి. షోరూమ్ నుంచి వచ్చిన రోజే సర్ది ఉంటాడు. సార్జెంటు ఇన్సూరెన్సు కాగితం తిప్పి చూసి, "మీకు డ్రైవరున్నాడు కదా మేడమ్, మీరెందుకు నడుపుతున్నారు?" అన్నాడు వేళాకోళంగా.

"లేడు," అన్నాను.

"ఇందులో ఉందే," అని వేలు పెట్టి చూపించాడు.

జీతానికి పెట్టుకున్న డ్రైవరు: ఒకరు. ఇంగ్లీషులో అచ్చయి ఉంది. అలాంటి డ్రైవరుకి ఏదైనా జరిగితే పూచీ మాదని కంపెనీ ఒప్పుకుంటూ వేసిన పంక్తి అది. అడిగి వేయించుకుంటేనే పడుతుంది. నేను అడగలేదు.

షోరూమ్‌లో దాదా బల్ల మీదికి వంగి మాట్లాడింది దాని గురించే. ఆ కాగితంలో తన చోటు తనే రాయించుకున్నాడు. రెండు రోజులకి నేను వచ్చి, ఈ బండిని నువ్వు నడిపితే ఇన్సూరెన్సు ఒప్పుకోదు అన్నాను. అతను విన్నాడు. నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "ఔనాండి?" అన్నాడు.

సార్జెంటు చలానా రాసిచ్చి వెళ్ళమన్నాడు. వెనక బస్సు హారను కొడుతోంది. నాకు బండిని ఏ వైపు తిప్పాలో తెలియలేదు.

దర్వానుని అడిగితే దాదా షాలిమార్‌లో చిన్న సరుకు లారీ నడుపుతున్నాడని చెప్పాడు. కారు పని కోసం చాలాచోట్ల అడిగాడట, వయసు చూసి వద్దన్నారట. శనివారం మధ్యాహ్నం వెళ్ళాను. ఇన్సూరెన్సు కాగితం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. దారంతా సాధన చేశాను. చూశాను దాదా, నీకు తెలుసని తెలిసింది, అబద్ధం చెప్పాను, క్షమించు. నాలుగు ముక్కలే.

యార్డు గేటు ఎదురుగా టీ కొట్టు పక్కన, సిమెంటు బస్తాలు దించుతున్న లారీ దగ్గర, తనూ ఒక బస్తా మోసి దించి, నిలబడి ఉన్నాడు. తలకి తుండు, కనుబొమల మీద సిమెంటు. పదకొండేళ్ళలో ఇస్త్రీ లేని చొక్కాతో అతన్ని నేనెప్పుడూ చూడలేదు. బండిని చూసి ముందు నవ్వాడు, తర్వాత నన్ను చూశాడు.

"అమ్మగోరు వొచ్చేరేటి! ఇంత దూరం మీరే తోలుకొచ్చేరా?" అని, పక్కనున్నవాళ్ళతో, "నాను నేర్పిందే," అన్నాడు గర్వంగా. టీ తెప్పించాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక ఎడమ టైరు దగ్గర వంగి, "గాలి తగ్గింది, సూపించండి," అన్నాడు. "ఎలాగుంది బండి?"

"బాగుంది," అన్నాను. కాగితం బ్యాగులోనే ఉంది. బ్యాగు జిప్పు మీద చెయ్యి వేశాను కూడా. కళ్ళలో నీళ్ళు నిండుతుంటే టీ వేడిగా ఉందన్నట్టు మొహం పక్కకి తిప్పుకున్నాను. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నోరు నాలుగు ముక్కలు చెప్పలేకపోయింది. క్షమించమని అడిగితే నా బరువు దిగుతుంది. అతని నెత్తి మీద బస్తాలు మాత్రం అలాగే ఉంటాయి.

అందుకని మాటకి బదులు తాళం తీసి చెయ్యి చాచాను.

"దాదా, ఒక్కసారి నువ్వు నడుపు. రోజూ నువ్వే నడుపు. రేపట్నుంచి వచ్చెయ్యి."

అతను చేతులు తుండుకి తుడుచుకున్నాడు. కుడిచెయ్యి సగందాకా వచ్చింది. వేళ్ళ సందుల్లో ఇంకా సిమెంటు ఉంది. ఆ చేతిని చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. కోపం లేదు, నవ్వూ లేదు. ట్రాఫిక్‌లో అటో ఇటో దారి చెప్పినంత మామూలుగా అన్నాడు.

"వొద్దమ్మగోరూ. ఇన్సూరెన్సు ఒప్పుకోదు గదా."

లారీ మీది కూలీ పిలిస్తే అతను వెళ్ళబోయి, మళ్ళీ ఆగి, నా బండి వెనక్కి తిప్పడానికి చోటు చాలదని చూసి, రోడ్డు మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాడు. వస్తున్న లారీని చెయ్యెత్తి ఆపాడు. నేను వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాను. తెరమీద నాలుగు వైపులా కెమెరాలు చూపిస్తున్నాయి. వెనక కెమెరాలో అతను నిలబడి ఉన్నాడు, రండి రండి అని చెయ్యి ఊపుతూ. బండి వెనక్కి వచ్చేసరికి పక్కకి జరిగి, బండిని అరచేత్తో రెండుసార్లు తట్టి అరిచాడు.

"ఆస్తే, లేడీస్!"