స్కీ అటొకటి, ఇటొకటి

ఇప్పుడు మంచుకొండల మీద స్కీలకు తాళాలున్న స్టాండ్లు వచ్చాయి. మా కాలంలో మన వస్తువుకు మన తెలివే తాళం. (ఆ తాళం ఒక్కోసారి మనల్నే లోపల వేసి బిగిస్తుందని అప్పట్లో తెలియదు.) జర్మనీలో ఇంగోల్‌స్టాట్ కార్ల ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో, నాతో ఒకే గదిలో ఉండే కరీంనగర్ తమ్ముడు ఒక ఆదివారం నన్ను స్కీయింగ్‌కు లాక్కెళ్లాడు. స్కీలు అద్దెకిచ్చిన దుకాణంవాడు నా పాస్‌పోర్టు హామీగా ఉంచుకున్నాడు. మర్నాడు పొద్దున్నే వీసా పొడిగింపుకు టెర్మిన్, అంటే అక్కడి అపాయింట్‌మెంట్. పాస్‌పోర్టు లేకుండా వెళితే ఉద్యోగం మీద ఆశ వదులుకోవలసిందే.

మధ్యాహ్నం కొండ మీది హోటల్ దగ్గర ఆగాం. జనం బంగారంలాంటి స్కీలను గోడకు ఆనించి, వెనక్కి కూడా చూడకుండా సూప్ తాగడానికి పోతున్నారు. నాకు ఒళ్లు మండింది. గుడికెళితే ఒక చెప్పు ఈ మూల, రెండోది ఆ మూల విడిచే వంశం మాది. జత లేని చెప్పును ఏ దొంగా ముట్టడు. అదే పద్ధతిలో ఒక స్కీ వాకిట్లో, ఇంకొకటి పెరట్లో కట్టెల చాటున పెట్టాను. తిరిగొచ్చేసరికి పెరట్లోది లేదు. ఒంటికాలి దొంగ కూడా ఉంటాడా ఈ దేశంలో?

దొంగ కాదు, హోటల్ యజమానురాలు. దిక్కులేని స్కీని చూసి జాలిపడి, పోయిన వస్తువుల గదిలో పెట్టిందట ఆ పెద్దావిడ. మరిచిపోయింది మీరేనా అని అడిగింది. దుకాణాల ప్రకటనలు చదివి సొంతంగా నేర్చుకున్న జర్మన్‌లో, మరిచిపోలేదు, దాచాను అన్నాను.

"దాచారా? ఎవరి నుంచి?"

హాల్లో చెంచాలన్నీ ఆగిపోయాయి. మరిచిపోయినవాళ్లకే ఆ గదిలోంచి ఇస్తుందట. దాచినవాళ్లు దాచినచోటే వెతుక్కోవాలట. చేయని మరుపు నేనెందుకు ఒప్పుకోవాలి? వాదించాను. కింద దుకాణం మూసే వేళవుతోంది.

"అన్నా, మర్చిపోయిన అని ఒక్క ముక్క చెప్పరాదే. రేపు టెర్మిన్ల నీ తెలివి చూపిస్తే వీసా ఇస్తరా?" అన్నాడు తమ్ముడు. నేను తల అడ్డంగా ఊపేసరికి, పాపం మరిచిపోయాడని ఆవిడకు వాడే చెప్పి స్కీ తెచ్చాడు. షట్టర్ సగం దిగుతుండగా పాస్‌పోర్టు చేతికొచ్చింది. దారి పొడుగునా వాడితో మాట్లాడలేదు.

ఈమధ్య కళ్లద్దాలు, మందులు, పొయ్యి మీద పాలు అన్నీ మరిచిపోతున్నాను. ఎవరడిగినా వెంటనే ఒప్పేసుకుంటున్నాను, వాదించే ఓపిక లేక. ఉద్యోగం పోయినా సరే, మాట పోకూడదని అంతమంది ముందు బిగుసుకు నిలబడ్డ ఆ మొండివెధవ మీద మాత్రం, ఎందుకో, నాకింకా ముద్దే.