బెహీజా మారిన యాప్

నాబుల్‌లో బట్టలు కుట్టుకుని బతికే మొంజియాకు, బెహీజా గొంతు వింటే గానీ తెల్లారినట్టుండదు. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే బెంచీ, పెళ్లయ్యాక ఒకే వీధి. మొగుడి ఉద్యోగం మారి బెహీజా కెలీబియా వెళ్లిపోయాక వాళ్ల కబుర్లన్నీ ఫోన్లోకి చేరాయి. పొద్దున్నే ఇటునుంచొక వాయిస్ మెసేజ్, అటునుంచొకటి. అత్తల మీద చాడీలు, చేపల ధరలు, మోకాళ్ల నొప్పులు.

ఒకరోజు బెహీజా అంది: "ఒసేయ్, నేనిక ఇందులో ఉండనే. మా పైవాటా సిహెమ్ నాకు ఇంకో యాప్ పెట్టిచ్చింది. పంపిన మాట తప్పుపోతే దిద్దుకోవచ్చట కూడా! నువ్వూ వచ్చెయ్."

సిహెమ్. ఈమధ్య ఏ మెసేజ్ విన్నా ఆ పేరే. సిహెమ్ వండిన కుస్కుస్, సిహెమ్ కొన్న పరదాలు.

"నాకక్కర్లేదమ్మా. అన్నమాట దిద్దుకునే రకం కాదు నేను," అని పంపింది మొంజియా.

ఆ తర్వాత బెహీజా కబుర్లు పల్చబడ్డాయి. ఎంత చెప్పినా జవాబుగా బొటనవేలి బొమ్మ. అది చూస్తే మొంజియాకు ఒళ్లు మండేది. నారింజ పూలు విరిసే నాటికి ఏటా బెహీజా వచ్చేది, ఇద్దరూ కలిసి ఆ పూలను మరిగించి, ఆవిరి పట్టి పూలనీరు దించేవారు. ఈసారి, "సిహెమ్‌తో ఇక్కడే దించేశానే," అంది. ఆరోజు మొంజియా కుట్టిన చొక్కాకి రెండు చేతులూ కుడివే అయ్యాయి.

చివరికి తలుపు గడియపెట్టి, దొంగతనంగా ఆ యాప్ ఎక్కించుకుంది. బెహీజా అందులో ఏ వేళప్పుడు ఉంటుందో చూసి తీసేద్దామనుకుంది. అంతలోనే ఫోన్ మోగింది.

"వచ్చావే! 'మొంజియా చేరింది' అని నాకు చెప్పేసిందే ఇది! అక్కర్లేదన్నావుగా, మహారాణీ?"

"వేలు తగిలి ఎక్కిందిలే."

"వేలు తగిలి ఫొటో కూడా పెట్టుకుందా?" బెహీజా పడీపడీ నవ్వింది.

వెంటనే ముగ్గురికీ కలిపి ఒక గ్రూపు పెట్టింది. సిహెమ్ మంచి మనిషే, సరదా మనిషి కూడా. అదే మొంజియాకు మరీ కష్టంగా ఉంది. తిట్టుకోవడానికి ఒక్క వంకా దొరకలేదు.

కొద్దిరోజులకు సిహెమ్ ఆమెకు విడిగా మెసేజ్ పెట్టింది. "మొంజియక్కా, మేం దించిన నీరు మాడువాసన కొడుతోంది. బెహీజాతో అనకండి, చిన్నబుచ్చుకుంటుంది. ఏం చేయాలి?"

"మంట ఎక్కువైంది. బెహీజా ఎప్పుడూ అంతే, దానికి ఓపిక తక్కువ," అంది మొంజియా. చెబుతూ చెబుతూ చాలాసేపే మాట్లాడింది.

సాయంత్రానికి బెహీజా గొంతు. "ఏమే, సిహెమ్ ఫోన్లో నీ పేరు చూశాలే, విడిగా ఏవో కబుర్లా? ఏమంటోంది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే గ్రూపులో చెప్పుకోవచ్చుగా!"

మొంజియా ఆ మెసేజ్ రెండోసారి పెట్టుకుని విన్నది. ప్రాణం హాయిగా అనిపించింది. ఫోన్ పక్కన పెట్టి మిషన్ ముందు కూర్చుంది.

మర్నాడు బెహీజా బస్సు దిగి, పూలసంచీ చంకన పెట్టుకుని గుమ్మంలోకొచ్చింది.

"సిహెమ్‌ని తీసుకురాలేదా?"

"దానికేం పని ఇక్కడ?" అంటూ బెహీజా నేరుగా వంటింట్లోకి నడిచింది.