గాజులు మోగని క్లాసు

తెలుగు సాహిత్యం అనగానే నాకు ఇప్పటికీ ముందుగా తగిలేది నశ్యం వాసన. మంచి పద్యం చదువుతుంటే ఎక్కడి నుంచో ఆ వాసన వస్తుంది. పుస్తకం మూసి పక్కన పెట్టేస్తాను. మా లెక్చరర్ గారు నాకు చేసిన ఉపకారం ఇది.

పోలీస్ చర్య జరిగి ఎంతో కాలం కాలేదు. మా జాగీరు పోయింది. ఊళ్లో గడి తలుపులు మూసి నాయన, అమ్మ, నాయనమ్మ, నేను సికింద్రాబాదు వచ్చాం. పద్మారావు నగర్ వైపు ఒక అద్దె ఇంట్లో చేరాం. ఇల్లు ఎంత ఇరుకో చెప్పాలంటే, నాయనమ్మ వక్కలు కత్తిరిస్తే ఆ చప్పుడు పక్కింటివాళ్లకు వినిపించేది. నాయన మాత్రం ఆ ఇంట్లోనూ షేర్వానీ గుండీలన్నీ పెట్టుకునే కూర్చునేవారు. మా ఇంట్లో వెన్ను వంచి కూర్చున్నవాళ్లను నేను చూడలేదు. నేను బి.ఏ. పాసై ఏదైనా బడిలో టీచరుగా చేరాలని, ఆ జీతంతోనే ఇల్లు నడవాలని ఎవరూ పైకి అనలేదు. అందరికీ తెలుసు.

తెలుగు సాహిత్యం నేనే కోరి తీసుకున్నాను. మా గడిలో పద్యం లేని పండుగ ఉండేది కాదు. హాలు మధ్యలో చెక్క జాలీ, దానికి ఒక వైపు మగవాళ్లు, చదివే పండితుడు. మరో వైపు మేము. ఆడవాళ్లు పైకి మెచ్చుకోవడం మర్యాద కాదు. అందుకని పద్యం నచ్చితే గాజుల చేత్తో జాలీ మీద రెండుసార్లు తట్టేవాళ్లం. అంటే మళ్లీ చదవమని. ఆ చప్పుడు కోసం పెద్ద పెద్ద పండితులు గొంతు సవరించుకుని ఎదురుచూసేవారు. జాలీ వెనుక నుంచి ఏ చప్పుడూ రాకపోతే పండితుడి ముఖం వాడిపోయేది. అతనికి సంభావన దక్కేది, భోజనం దక్కేది. మళ్లీ పిలుపు మాత్రం వచ్చేది కాదు.

కాలేజీలో సాహిత్యం ఇంకో రకం. మా క్లాసులో ఆడపిల్లలం ముగ్గురమే. గంట కొట్టేదాకా మేము లేడీస్ రూములో కూర్చోవాలి. లెక్చరర్ వచ్చి గుమ్మం ముందు ఆగి దగ్గుతారు. మేము ఆయన వెనుక వరుసగా నడిచి క్లాసులోకి వెళ్లాలి. పాఠం అయ్యాక మళ్లీ ఆయన వెనుకే బయటికి రావాలి. నశ్యం మరకల ఉత్తరీయం మా ముందు ఊగుతూ పోయేది. మా గడిలో పశువుల్ని కూడా ఇంతకంటే మర్యాదగా తోలేవారు.

ఆయన కోస్తా నుంచి వచ్చినవారు. అప్పటిదాకా చదువులన్నీ ఉర్దూలో ఉండడంతో తెలుగు చెప్పేవాళ్ల కోసం కాలేజీలు వెతుక్కుంటున్న రోజులు. ఆయనకు పద్యం అంటే విరిచి పోగు పెట్టాల్సిన వంటచెరకు. ప్రతి మాటకూ అర్థం చెప్పి రాయించేవారు. తర్వాత తాత్పర్యం. తర్వాత పరీక్షలో ఏ ప్రశ్న వస్తుందో అది. మధ్యలో ముక్కులోకి ఒక పట్టు. ఏదైనా శృంగార పద్యం వస్తే మా బెంచీ వైపు చూసి, "ఆడపిల్లలున్నారు గనక దీన్ని వదిలేస్తున్నానర్రా. మీరు ఇళ్లకెళ్లి చదువుకోండి" అని మగపిల్లలకు కన్ను గీటేవారు. వాళ్లు కిసకిస నవ్వేవారు. ఆ పద్యాలు నేను మా నాయనమ్మ పక్కన కూర్చుని ఎన్నోసార్లు విన్నవే. ఒక్కటీ అసహ్యంగా ఉండేది కాదు. ఆ కన్నుగీటు తగిలాకే వాటికి మురికి అంటింది.

అలాంటి మనిషి ఒక రోజు ఒక పద్యం బాగా చదివారు. ఎలా జరిగిందో తెలియదు. ఎండాకాలంలో దప్పికతో పరుగెత్తే లేడి గురించిన పద్యం అది. ఆ రోజు ఆయనకు జలుబు లేదో, నశ్యం డబ్బీ ఇంట్లో మరిచారో, గొంతు తేటగా వచ్చింది. విరవలేదు, అర్థం చెప్పలేదు, ఒక్క ఊపున చదివారు. లేడి ఆగిన చోట ఆయనా ఆగారు. నేను గడిలో ఉన్నాననుకున్నాను. నా చేయి దానంతట అదే లేచి డెస్కు అంచు మీద రెండుసార్లు తట్టింది. గాజులు గల్లుమన్నాయి.

క్లాసంతా మా బెంచీ వైపు తిరిగింది.

"ఎవరా చప్పుడు చేసింది?" అన్నారు ఆయన.

"నేనే సార్" అని లేచి నిలబడ్డాను.

"ఇది క్లాసు అనుకున్నావా, మేజువాణీ అనుకున్నావా?"

మేజువాణీ. ఆటకత్తెలను పిలిపించుకుని చూసే చోటు. ఆ మాట నా ముఖం మీద అని, ఆయన తాపీగా జేబులోంచి డబ్బీ తీశారు. వెనుక బెంచీల నవ్వు గోడలకు తగిలింది. ఒకడు గొంతు మార్చి అరిచాడు: "దొరసాని గాజులు మోగిచ్చింది రా! ఇగ వెట్టికి పొమ్మంటది, లేవుండ్రి!"

మా ఊళ్లో వెట్టి చేసి, నన్ను ఆ మాట అనే హక్కు ఉన్నవాళ్లు ఉన్నారు. వాళ్లు అంటే తల దించుకునేదాన్ని. సికింద్రాబాదు బొగ్గుల వ్యాపారి కొడుక్కి ఆ హక్కు ఎవరిచ్చారు?

"రేపు క్లాసు ముందు నిలబడి క్షమాపణ చెప్పు. చెప్పేదాకా నా వెనకాల రానక్కర్లేదు" అన్నారు లెక్చరర్.

నేను చెప్పలేదు. మర్నాడు ఆయన వచ్చి గుమ్మం ముందు దగ్గి, నన్ను చూపించి వేలు ఊపారు. మిగిలిన ఇద్దరూ ఆయన వెనుక వెళ్లారు. నేను లేడీస్ రూములో ఉండిపోయాను. తర్వాతి రోజూ అంతే. పిలవకుండా క్లాసులోకి వెళ్లే ఆచారం ఆడపిల్లలకు లేదు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. పరీక్ష లేకపోతే ఉద్యోగం లేదు.

నాతో చదివే ఇద్దరిలో ఒకామె జనరల్ బజారులో లేసుల దుకాణం నడిపే ముస్లింల అమ్మాయి. బురఖా లేడీస్ రూములో మేకుకు తగిలించి క్లాసుకు వచ్చేది. మంచిది. నా దగ్గర కూర్చుని బతిమాలింది.

"జెర సోంచాయించు. ఒక్కపారి మాఫ్ చెయ్యుండ్రి అంటే ఏం పోతది నీది? నాలుక అరుగుతదా?"

"తప్పు చేస్తే అంటుంటి."

"తప్పు చెయ్యకున్నా రోజుకు పదిసార్లు అంటం మేము. దుకాణంల గిరాకీ వస్తే మా అబ్బా అననే అంటడు. గదే అలవాటైతది."

"నాకు గాదు."

"గట్లైతే గీ రూంలనే ముసల్దానివి గా" అని మేకు మీది బురఖా నా ఒళ్లో పడేసింది. "తియ్యి, ఇదన్న కప్పుకో, చలి పెడ్తది." ఆ రోజుల్లో నాకు నవ్వు వచ్చింది ఆ ఒక్కసారే.

సంగతి నాయనకు ఎలా చేరిందో తెలియదు. ఆదివారం పొద్దున షేర్వానీ వేసుకుని, టోపీ పెట్టుకుని, "నడువు బిడ్డా, మీ పంతులింటికి" అన్నారు.

"నేను మాఫీ అడగ నాయినా."

"నిన్ను అడగమంటలేను. నేనే మాట్లాడుత. నువ్వు ఊకెనే నిలబడు."

లెక్చరర్ వరండాలో పీట మీద కూర్చుని పెసరట్టు తింటున్నారు. పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నాయన వైపు చూసి, లేవకుండా, "రండి రండి" అని ఇంకో ముక్క చట్నీలో ముంచారు. కూర్చోమనలేదు. మా నాయన ముందు ఊరు ఊరంతా నిలబడేది. అలాంటి నాయన ఒక మనిషి తింటుంటే మెట్ల కింద ఎండలో నిలబడ్డారు. ఆ పచ్చని చట్నీ వేళ్ల సందుల్లోంచి మణికట్టు దాకా కారడం, దాన్ని ఆయన నాకడం నాకు ఇవాళ్టికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

"మా బిడ్డ తరఫున మాఫీ అడుగ వచ్చిన" అన్నారు నాయన. "ఎగతాళి చేసింది కాదండి. మా ఇండ్లల్ల ఆడోళ్లకు పద్యం నచ్చితే గట్లనే గాజులు మోగిస్తరు. మల్ల చదువుండ్రి అని అర్థం. గడి అలవాటు, మరిచిపోయింది."

నమలడం ఆగింది.

"నచ్చితేనా?"

"జీ. మంచిగ చదివినోళ్లకే."

ఆయన ముఖం విప్పారింది. "అలాగా! చెప్పరేం మరి! నా పఠనం గురించి మా ఊళ్లోనూ అనేవారు లెండి." ఇంట్లోకి తిరిగి కేక వేశారు: "ఇదిగో, విన్నావుటే? జాగీర్దారు గారమ్మాయి నా పద్యానికి గాజులు మోగించిందిట!" "రేపట్నించి రామ్మా. ఏం ఫర్వాలేదు" అని నాతో అన్నారు. మేజువాణీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఆ మాట అన్నట్టు ఆయనకు గుర్తు కూడా లేదు.

ఇంటికి రాగానే నాయనమ్మ అడిగింది ఒకటే: "కూసోమన్నడా?"

"అన్నడమ్మా. కుర్చీ ఏసిండు" అన్నారు నాయన, టోపీ తీస్తూ. నేను లోపలికి వెళ్లిపోయాను.

క్లాసుకు వెళ్లాను. హాజరు కావాలి కదా. అప్పటి నుంచి అసలైన రోత మొదలైంది. అర్థం చెప్పి రాయించడమే సాహిత్యం అనుకున్న మనిషి ఇప్పుడు ప్రతి పద్యాన్నీ పాడడం మొదలుపెట్టారు. కళ్లు మూసి, తల తిప్పి, చివరి అక్షరాన్ని ఉయ్యాల ఊపి, ఒక కన్ను తెరిచి మా బెంచీ వైపు చూసేవారు. నా చేతులు ఒళ్లో ఉండేవి.

"ఏమమ్మాయ్, ఇవాళ గాజులు మోగలేదేం?"

మగపిల్లలు తాళంచెవులతో, అణాబిళ్లలతో బెంచీలు వాయించేవారు. ఆయన దానికీ మురిసిపోయేవారు. "కానివ్వండి, కానివ్వండి" అనేవారు. ఒకరోజు వరండాలో నన్ను ఆపి, "మొహమాటం అక్కర్లేదమ్మా, మీ ఆచారాన్ని నేను గౌరవిస్తాను" అన్నారు. నాయన ఎండలో నిలబడి నాకు కొనిపెట్టిన హాజరుకు ఆయన రోజూ ఇలా నా దగ్గర వెల వసూలు చేసుకోజూశారు.

ఏడాది చివరి క్లాసు వచ్చింది. పరీక్షకు కూర్చునేవాళ్ల జాబితా అంతకు ముందే గోడకు అంటించారు. అందులో నేను ఉన్నాను. ఆయన పుస్తకం తీసి, గొంతు సవరించుకుని, మళ్లీ ఆ లేడి పద్యమే అందుకున్నారు. చెడగొట్టి ఉంటే సులువుగా ఉండేది. చెడగొట్టలేదు. ఆశతో చదివారో, సంవత్సరమంతా పాడి పాడి గొంతు పదునెక్కిందో, మొదటిసారి కంటే బాగా చదివారు. లేడి ఆగింది. ఆయన రెండు కళ్లూ తెరిచి చూశారు. వెనుక బెంచీల్లో తాళంచెవులు కూడా మోగలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు.

కుడి చేతి గాజులను ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాను. ఒకటి పెటుక్కున విరిగి అరచేతిలో గుచ్చుకుంది.

ఆయన చాలాసేపు ఆగారు. మా గడిలో జాలీ ముందు నేను చూసిన ముఖమే అది. తర్వాత పుస్తకం మూసి, డబ్బీ జేబులో వేసుకుని, "సరే, వెళ్దాం" అని మెల్లగా అన్నారు.

ఆడపిల్లలం లేచాం. ఆయన ముందు నడవాలి, మేము వెనుక రావాలి. ఆయన ఇంకా ఉత్తరీయం సర్దుకుంటూ ఉండగానే నేను బల్ల పక్క నుంచి ఆయన్ని దాటుకుని గుమ్మం వైపు నడిచాను. వెనుక నుంచి లేసుల దుకాణం అమ్మాయి, "యా అల్లా, ఆగవే" అని గుసగుసలాడింది. ఆగలేదు. నా ముందు ఎవరి ఉత్తరీయమూ లేదు. వరండాలో ఎండ, ఆ అవతల వేపచెట్టు, దాని మీద కాకులు. వెన్ను నిటారుగా పెట్టుకుని గేటు దాకా నడిచాను.