ఆగ్నేయానికి నడిచి వెళ్లిన మా పొయ్యి

మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిస్తూ నాలుగు రోజులు దుమ్ముగూడెం వైపు తిరిగి, ఈ సాయంత్రం ఇల్లు చేరాను. కొత్త వంటింట్లో పడమటి కిటికీ కింద ఉండాల్సిన పొయ్యి ఆగ్నేయ మూలన కూర్చుని ఉంది. గ్రానైట్ బండ కూడా అతికించేశారు.

ఆ కిటికీ సరదాకు పెట్టించింది కాదు. నా భార్య సుగుణకు ఉబ్బసం, పోపు ఘాటు తగిలితే ఊపిరాడదు. గోడ మీద బొగ్గుతో గీసి మరీ చెప్పాను. కాంట్రాక్టర్ ఏసోబును ఏరికోరి పెట్టుకున్నదీ అందుకే. నా మీటింగుల్లో ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టే మనిషి!

"నువ్వు చర్చికి పోయేటోడివి, నీకు వాస్తు ఏంది ఏసోబూ?" అన్నాను.

"నాకెక్కడిదన్నా! వదినకు అసలే ఆయాసమాయె. రేపు ఆమెకేమన్నా అయితే, ఏసోబు పొయ్యి పడమరకు పెట్టబట్టే గిట్లయింది అంటరు. ఇగ నాకు పనెవరిస్తరు?"

"మరి ఆ చప్పట్లేంది?"

"నువ్వు మంచిగ మాట్లాడుతవన్నా," అన్నాడు. ఎగతాళి కూడా కాదు, నిజంగానే అన్నాడు.

అంతలో సుగుణ పోపు వేసి, దగ్గుతూ వరండాలోకి వచ్చి కూలబడింది. మంచినీళ్లు తేవడానికి నాకంటే ముందు పరుగెత్తింది ఏసోబే. పొయ్యి మాత్రం జరపనన్నాడు.

రేపు వేరే మేస్త్రీని పిలిచి ఆ బండ పగలగొట్టిస్తాను. ఇన్నేళ్లూ చప్పట్లు విని జనం మారారనుకున్న నన్నేం చేయాలో మీరు చెప్పండి. దయచేసి చప్పట్లు మాత్రం కొట్టకండి.