పిలిచి పెట్టిన పండగ

స్లావాకి ఎవరినీ పిలవరు. ఇది ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. స్లావా అంటే ఇంటి దేవుడి పండగ, ఆ రోజున తలుపు తీసి ఉంటుంది, కొవ్వొత్తి వెలుగుతూ ఉంటుంది, రావలసినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. పిలవని పేరంటం అంటే ఇదే, కాకపోతే ఇక్కడ పిలవకపోవడమే మర్యాద. నిరుడు వచ్చినవాడు ఈ ఏడు రాలేదంటే రెండిళ్ల మధ్య ఏదో తెగిందని అర్థం. అలాంటిది, ఈ నేల మీదే పుట్టి ఈ నేల మీదే నెత్తి బట్టతల అయిన ఊరి బడి హెడ్మాస్టరు రాంకో తెషిచ్, తన టీచర్ల ఫోన్ గ్రూపులో తన ఇంటి స్లావాకి అందరినీ రమ్మని సందేశం పెట్టాడు. అదీ టైముతో సహా.

ఆ సంగతి తెలిసినప్పుడు అతని భార్య యాగొదా పిండి పిసుకుతోంది. చేతులు గిన్నెలోనే ఉండిపోయాయి.

"ఏమయ్యా, నీకు మతి గాని పోయిందా? స్లావాకి పిలుస్తారా ఎవరన్నా?"

"పిలిస్తే తప్పేముంది? మర్చిపోతారేమోనని."

"పునీత నికోలా పండగని మర్చిపోతారా? సగం ఊరికి ఇదే స్లావా. పైగా ఆరింటికట. ఆరు దాటి వస్తే ఏం చేస్తావు, హాజరు పట్టీలో ఎర్ర గీత పెడతావా?"

రాంకో ఫోను జేబులో పెట్టుకుని వంటింట్లోంచి జారుకున్నాడు. నిజానికి ఆ సందేశం అందరి కోసం పెట్టింది కాదు. ఒక్క స్తానియా కోసం పెట్టాడు. ఆమెను ఒక్కదాన్నే పిలవడానికి మొహం చెల్లక, మంద మొత్తాన్నీ పిలిచాడు.

స్తానియా ఆ బడిలో లెక్కల టీచరు. పక్క టౌన్ బడిలో ఖాళీ ఉందని, అక్కడి హెడ్మాస్టరు రమ్మంటున్నాడని, సోమవారం తన మాట చెప్పేస్తానని ఆమె రాంకోతో అని నాలుగు రోజులైంది. ఆమె పోతే ఎనిమిదో తరగతి లెక్కలు పోతాయి. లెక్కలు పోతే, పిల్లలు తగ్గిపోతున్న ఈ బడిని టౌన్ బడికి తోకలా తగిలించేద్దామని కాచుకుని ఉన్న పైవాళ్లకి పండగే. ఇది అతను బయటికి చెప్పే కారణం. లోపలి కారణం వేరే ఉంది. ఆమె పోతే ఆ పోవడం తన వల్లేనని అతనికి తెలుసు.

రాంకో చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పనవసరమే లేదు, నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాళ్లం. ఇరవై ఏళ్లకు దగ్గరగా భూగోళం చెప్పాడు. ఆ గుండుని చూసి డ్రిల్లు మాస్టరు నెబోయ్‌షా అతనికి 'గ్లోబు' అని పేరు పెడితే అందరికంటే ముందు తనే నవ్వినవాడు. టీచర్ల గదిలో ఎవరి మొహం వాడిపోయినా కాఫీ కాచి తెచ్చేవాడు. పాత హెడ్మాస్టరమ్మ విదొసావా రిటైరైనప్పుడు, ఆ కుర్చీలోకి నువ్వే రావాలిరా గ్లోబూ అని పట్టుబట్టింది కూడా ఆ గదిలోని వాళ్లే. కోరి తెచ్చుకున్న కొరివి అంటే అదే మరి.

విదొసావా పొద్దున్నే గేటు దగ్గర నిలబడేది. వచ్చినవాళ్లందరికీ చేయి కలిపి, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగేది. రాంకో కూడా గేటు దగ్గరే నిలబడ్డాడు, గడియారం చూస్తూ. బడి మూతపడుతుందన్న భయం అతన్ని అలా తయారుచేసింది. పైవాళ్లు అతన్ని భయపెట్టారు, అతను టీచర్లని భయపెట్టాడు. తలుపుల వెనక నిలబడి పాఠాలు వినడం మొదలుపెట్టాడు. శనివారాలు కూడా వచ్చి పిల్లల చేత బంతి ఆడించే నెబోయ్‌షా, ఆ శనివారాలకి ఎవరి అనుమతి ఉందని అడిగించుకున్న నాటి నుంచి గంట కొట్టగానే ఇంటికి పోతున్నాడు. గ్లోబు అని పిలవడం కూడా మానేశాడు. ఇప్పుడు హెడ్మాస్టరు గారు, చిత్తమండి, అలాగేనండి.

స్తానియా సంగతి వేరు. ఆమెకొక పద్ధతి ఉంది. పిల్లవాడు బోర్డు దగ్గర లెక్క మధ్యలో ఆగిపోతే ఆమె నోరు విప్పదు. క్లాసు క్లాసంతా ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. వాడు చెమటలు పట్టి, చెరిపి, మళ్లీ రాసి, చివరికి తనే దారి పట్టుకుంటాడు. అప్పుడు ఆ మొహం చూడాలి. రాంకో కూతురు ఆ మౌనంలోనే లెక్కలు నేర్చుకుని ఇవాళ ఇంజనీరింగ్ చదువుతోంది. టీచరుగా ఉన్న రోజుల్లో రాంకో ఆ కిటికీ పక్కన ఆగి, ఈమెకు ఇంత ఓపిక ఎక్కడిదిరా దేవుడా అనుకునేవాడు.

హెడ్మాస్టరయ్యాక ఒకరోజు పైనుంచి వచ్చిన ఆఫీసరుని వెంటబెట్టుకుని అదే క్లాసులోకి వెళ్లాడు. బోర్డు దగ్గర ఒక పిల్ల ఆగిపోయి ఉంది. స్తానియా చేతులు కట్టుకుని చూస్తోంది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. అంతే, రాంకోకి కాళ్లు ఆగలేదు. వెళ్లి ఆ పిల్ల చేతిలోంచి చాక్‌పీసు లాక్కుని, మిగతా లెక్క తనే చేసేసి, "ఇలా చెప్పాలి, మౌనవ్రతం పట్టడానికి జీతం ఇవ్వడం లేదు" అన్నాడు. పిల్లలు తల దించుకున్నారు. స్తానియా దించుకోలేదు. ఆ మర్నాటి నుంచి గంట కొట్టిన దగ్గర్నుంచి గంట కొట్టేదాకా ఆగకుండా మాట్లాడటం మొదలుపెట్టింది, పిల్లలు ఆగకుండా రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ టర్ము పరీక్షలో లెక్కల మార్కులు ఎన్నడూ లేనంత కిందికి పడ్డాయి.

పండగ రోజు మధ్యాహ్నం ఇరుగుపొరుగు వచ్చి, తిని, రాంకోని బట్టతల గురించి ఏడిపించి వెళ్లారు. ఆరయ్యేసరికి టీచర్లు వచ్చారు. ఒక్కొక్కరుగా కాదు. ముందొచ్చినవాడిగానో వెనకొచ్చినవాడిగానో మిగలడం ఇష్టం లేక, సందు చివర అందరూ కలుసుకుని ఒక్కసారే వచ్చారు. వరసలో నిలబడి, చక్కెర, అక్రోటు కలిపిన ఉడికించిన గోధుమలు ఒక్కో చెంచా నోట్లో వేసుకుని, శిలువ గుర్తు వేసుకుని కూర్చున్నారు. రాంకో కళ్లు వరస చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చాయి. స్తానియా లేదు.

స్లావా నాడు ఇంటి యజమాని కూర్చోకూడదు. నిలబడే వడ్డించాలి, నిలబడే పోయాలి. రాంకో రాకియా అనే పళ్ల సారా సీసా పట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతున్నాడు. అతను ఎవరి వెనక్కి వస్తే వాళ్లు కుర్చీలోంచి సగం లేస్తున్నారు. బడిలో అలవాటు మరి, హెడ్మాస్టరు నిలబడి ఉండగా కూర్చోవడం ఎలా? కూర్చోండి కూర్చోండి అని అతను అంటున్నాడు. కూర్చుంటున్నారు. మళ్లీ అటు తిరిగి వచ్చేసరికి మళ్లీ లేస్తున్నారు.

నిశ్శబ్దం భరించలేక రాంకో ఒక పాత జోకు చెప్పాడు. అందరూ ఒకేసారి నవ్వారు, ఒకేసారి ఆపేశారు.

"నెబోయ్‌షా, ఏమీ తినడం లేదేంటి? పోయినేడు చేప మొత్తం నువ్వే లాగించేశావు."

"తింటున్నానండి. జిమ్ము తాళం వేసే వచ్చానండి."

"అది నేను అడగలేదు కదా."

"అంటే, మీకు తెలియాలని చెప్పానండి."

కొత్తగా చేరిన ఇంగ్లీషు టీచరు తియానా ఫోర్కు కింద పడేసుకుని, క్షమించండి అని రెండుసార్లు అంది. వంటింట్లోకి వెళ్లిన రాంకో చెవిలో యాగొదా పళ్ల మధ్య నుంచి అంది: "పండగ చేస్తున్నావా, తనిఖీ చేస్తున్నావా? వాళ్ల మొహాలు చూడు. శవం లేచిన ఇంట్లో కూడా ఇంతకంటే ఎక్కువ మాట్లాడుకుంటారు."

"స్తానియా రాలేదు" అన్నాడతను.

"వస్తే ఆశ్చర్యపోవాలి గానీ, రాకపోతే ఏముంది?"

ఆ మాట అతనికి గుండెలో దిగింది. ఆమె రాలేదంటే సోమవారం దాకా ఆగక్కర్లేదు, జవాబు వచ్చేసినట్టే.

చేప బల్ల మీదికి వెళ్లాక, అడుగులు వినిపించాయి. తీసి ఉన్న తలుపులోంచి స్తానియా లోపలికి వచ్చింది, భుజాల మీద మంచు దులుపుకుంటూ. గోధుమలు నోట్లో వేసుకుని శిలువ గుర్తు వేసుకుంది. యాగొదాని చెంపల మీద మూడుసార్లు ముద్దు పెట్టుకుంది. రాంకో వైపు తిరిగి, "పండగ శుభం, ఇంటాయనా" అంది.

అతని మొహం వెలిగిపోయింది. "వచ్చావా! నా మెసేజి చూశావో లేదో అనుకున్నాను."

"ఏ మెసేజి?"

"గ్రూపులో పెట్టాను కదా."

"ఆ గ్రూపులోంచి అక్టోబరులోనే తప్పుకున్నాను. ఇన్నేళ్ల నుంచి ఈ ఇంటికి వస్తున్నదాన్ని, నన్ను పిలవాలా ఎవరన్నా?" అని, బల్ల చుట్టూ ఉన్నవాళ్లని చూసింది. "ఏం, మీరంతా పిలిస్తే వచ్చారా?"

ఎవరూ తల ఎత్తలేదు. రాంకో చెవులు ఎర్రబడ్డాయి.

స్తానియా కూర్చుని కడుపునిండా తింది. పొయ్యిలో కాల్చిన చిక్కుడు గింజలు రెండోసారి వడ్డించమని అడిగింది. ఇంజనీరింగ్ పిల్ల కబుర్లు అడిగింది, యాగొదాతో కలిసి పెద్దగా నవ్వింది. ఆ గదిలో అతిథిలా ఉన్నది ఆమె ఒక్కతే. రాంకో ఆమె గ్లాసు నింపుతుంటే ఆమె లేవలేదు. అతనికి ఆశ పుట్టింది. కోపం ఉన్న మనిషి ఇలా తింటుందా? ఉండిపోతుంది, తప్పకుండా ఉండిపోతుంది అనుకున్నాడు.

ఆమె వెళ్లడానికి లేచినప్పుడు వెనకే వసారాలోకి వెళ్లి, కోటు అందించాడు. తలుపు తీసే ఉంది. లోపల చెంచా చప్పుడు కూడా ఆగిపోయింది.

"స్తానియా, ఆ చాక్‌పీసు సంగతి. నాది తప్పే. పొరపాటు చేశాను."

"ఇది వసారాలో చెప్తున్నావేంటి? లాక్కున్నది క్లాసులో, ఆ పిల్ల చేతిలోంచి. చెప్తే దానికి చెప్పు."

"చెప్తాను. నువ్వు ఉంటానంటే రేపే చెప్తాను."

"చూశావా, దానికి కూడా షరతు పెట్టావు."

ఆమె బొత్తాలు పెట్టుకుంటూ గొంతు తగ్గించింది. తగ్గించినా లోపలికి వినిపిస్తూనే ఉంది.

"నీ మీద కోపం కాదు రాంకో, నా మీద నాకే భయంగా ఉంది. ఇప్పుడు పిల్లలు బోర్డు దగ్గర ఆగిపోతే నేను వాళ్లని చూడటం లేదు. తలుపు వైపు చూస్తున్నాను, నువ్వున్నావేమోనని. చూసి గబగబా నేనే చెప్పేస్తున్నాను. ఇన్నేళ్లు నాకున్న చదువంతా ఆ ఆగడమే. అది పోయింది. ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంటే మళ్లీ తిరిగి రాదు."

"అయితే ఇవాళ ఎందుకొచ్చావు?"

"స్లావా కాబట్టి వచ్చాను. యాగొదా నాకేం అన్యాయం చేసింది? వచ్చే ఏడు కూడా వస్తాను, నువ్వు పిలవకుండా ఉంటే. ఇంటికి వస్తాను. బడికి మాత్రం రాను. సోమవారం వాళ్లకి సరేనని చెప్పేస్తున్నాను."

మెట్లు దిగి వెళ్లిపోయింది. రాంకోకి కళ్లు మండాయి. ఏడవడానికి కూడా సిగ్గుపడ్డాడు, అవతల గదినిండా తన కింద పనిచేసేవాళ్లు ఉన్నారు.

మొహం సరిచేసుకుని లోపలికి వచ్చేసరికి వాళ్లంతా లేచి నిలబడి ఉన్నారు, చేతుల మీద కోట్లతో. విన్నారు, అందరూ విన్నారు. ఎవరో ఒకరు ఏదైనా అంటే బాగుండునని, పోనీ నెబోయ్‌షా పాత రోజుల్లోలాగా ఏరా గ్లోబూ అని ఒక బూతు మాటైనా అంటే బాగుండునని అతనికి అనిపించింది. తియానాని వెనక నుంచి ఎవరో నెమ్మదిగా ముందుకు తోశారు.

"హెడ్మాస్టరు గారూ, మేమిక వెళ్లొచ్చా అండీ?"

అతిథి బయల్దేరితే ఏ ఇంటాయనైనా అనే మాటే రాంకో నోట్లోంచి వచ్చింది. అలవాటుగా వచ్చింది, ఆప్యాయంగానే వచ్చింది.

"అప్పుడేనా? కూర్చోండి."

అందరూ ఒకేసారి కూర్చున్నారు, కోట్లు ఒళ్లో పెట్టుకుని.